అగ్గువ బేరము

నిజామాబాదు రైలుస్టేషనులో దిగి గంజు వైపునకు నడచి పోవువారికి, కొత్త సామానుల దుకాణముల వరుసలో అక్కడక్కడ ఒక్కొక్క చీకటి కొట్టు కనబడును. దానికి బోర్డు ఉండదు. ఉన్నను చదువ వీలులేనంతగా వెలసి ఉండును. గడపకు ఇరువైపుల తుప్పుపట్టిన సైకిలు చక్రములు, కాలొకటి విరిగిన కుర్చీ, మూతలేని కుక్కరు. లోపల కొక్కెములకు వ్రేలాడు లాంతరులు. మూలను వేర్వేరు వేళలయందు ఆగిపోయిన గోడగడియారములు. ఇట్టి కొట్టును చూచియు చూడనట్లు సాగిపోగలవారు కొందరుందురు. మేము ఆ కోవకు చెందినవారము కాము. ఇంటినుండి ఉల్లిగడ్డలకని బయలుదేరి ఇత్తడి చెంబుతో తిరిగివచ్చిన దినములు మాకు అనేకము. ఆ చెంబునకు చిల్లి ఉన్నదని నీరు పోసిన తరువాతనే తెలియుటయు కద్దు.

ఈ ఆనందమునకు మన ప్రాంతమున ఒక చక్కని మాట ఉన్నది: అగ్గువ. కోస్తా జిల్లాలవారు చవుక అందురు, మనము అగ్గువ అందుము. దానికి ఎదురుమాట పిరము. అర్థమొక్కటియే యైనను మా చెవికి కొంత భేదము తోచును. చవుక యనునది వస్తువును గూర్చిన మాట. అగ్గువ యన్నప్పుడు కొన్నవాని ముఖమందలి వెలుగు కూడ ఆ మాటలో వినబడును. "అగ్గువకు దొరికింది" అని చెప్పువాడు ధరను వెంటనే చెప్పడు. ఎంతకని ఎదుటివాడు అడుగవలెను. తానే ఒక అంకె ఊహింపవలెను. ఆ ఊహ తప్పు కావలెను. అప్పుడు గాని ఆ బేరము పూర్తి కాదు.

పాత వస్తువుల వ్యాపారమునకు చెందిన మాటలు మనకు పలు దిక్కులనుండి వచ్చినవి. వేలమును తెలంగాణమున హర్రాజు అందురు. ఇది అరబ్బీ నుండి పారసీకము, ఉర్దూల మీదుగా ఆసఫ్ జాహీల కచేరీలలో చేరి, అచటినుండి పల్లెలకు పోయినది. అరబ్బు దేశములలో పాత సామానుల వేలపుచోటును నేటికిని హరాజ్ అనియే పిలుచుచున్నారు. మన ఊళ్ళలో చెరువు చేపలకు హర్రాజు, చింతచెట్ల కాయలకు హర్రాజు, బాకీ తీర్చలేనివాని ఇంటి తలుపులకును హర్రాజు. ఒకే మాట క్రింద చేపలును తలుపులును చేరుట చిత్రముగా తోచవచ్చును గాని, పాట పాడువానికి రెండును ఒక్కటే. అంగడి యనిన కోస్తాలో దుకాణము; ఇక్కడ వారమున కొకనాడు కూడు సంత. ఇక కొసరు మాత్రము అచ్చముగా తెలుగు మాట. తూకము ముగిసిన పిమ్మట అమ్మువాడు పైనుండి వేయు పిడికెడు. లెక్కకు రానిది, అడుగుటకు హక్కు లేనిది, అయినను అందరును అడుగునది. బేరములో ఓడినవాడు గెలిచినవానికిచ్చు కానుక యనియు దానిని చెప్పవచ్చును.

మన పట్టణము పూర్వనామము ఇందూరు. నిజాముల పేరు దీనికి ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో వచ్చినది. అప్పుడు గద్దెమీద ఉన్నది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్; ఆయన పాలనకాలము 1869 నుండి 1911 వరకు. ఒకసారి తొడిగిన దుస్తును ఆయన మరల తొడుగలేదని ప్రతీతి. హైదరాబాదులోని పురానీ హవేలీలో ఆయన దుస్తులకై కట్టించిన చెక్క బీరువాల వరుస రెండంతస్తులుగా నేటికిని ఉన్నది. ఆ కొసనుండి ఈ కొసకు నడచుట ఒక చిన్న షికారు. ఆయన కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను యూదుడు ఉండెను. ఈతడే నగరమున ఒక దుకాణము తెరచెను. ఆ దుకాణము పేరనే ఆ పేట ఆబిడ్స్ అయినది. ప్రభువు ఒక్కసారి వాడి విడిచిన గడియారములు, చెప్పులు, కలములు ఆ దుకాణమున చేరి మరల అమ్ముడుపోవుచుండెననియు, కొన్ని తిరుగు ప్రయాణమున ప్రభువు కొలువునకే చేరుచుండెననియు నగరవాసులు చెప్పుకొందురు. నిజమెంతయో గాని, ఆ కథకు తగిన చోటే దొరికినది. నేడు ఆదివారములందు ఆ ఆబిడ్సులోనే, దుకాణములు మూసి ఉన్నవేళ, కాలిబాటల పొడవున పాత పుస్తకములు పరచి అమ్ముచున్నారు. గురువారమునాడు పురానాపూలు సమీపమున జుమ్మెరాత్ బజారు కూడును. అచట ఒంటి చెప్పు కూడ అమ్మకమునకు ఉండును. కొనువాడెవడని మేము ఎన్నడును అడుగలేదు.

చెప్పులనగానే మరియొక ముచ్చట. మహబూబ్ అలీఖాన్ బేరమాడి, కలకత్తా న్యాయస్థానమువరకు వ్యాజ్యము నడిపి, విసిగి మూలపడవేసిన జేకబ్ వజ్రము ఉన్నది కదా. దాని తూకము సుమారు 185 క్యారెట్లు. తండ్రి మరణించిన పిమ్మట ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానుకు అది ఒక పాత చెప్పు మునలో దొరికినదనియు, దానిని ఆయన కాగితములపై బరువుగా వాడెననియు ప్రసిద్ధి. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొనెను. పాత సామాను కొట్టులో ప్రతి పెట్టె మూతను ఎత్తి చూచు మావంటి వారి నమ్మకమునకు ఇంతకు మించిన ఆధారము అక్కరలేదు.

అయితే మన నిజామాబాదు, బోధనుల పాత కొట్లు ప్రభువుల బీరువాలనుండి నిండినవి కావు. వాటి మూలము నీటిలో ఉన్నది. మంజీరా నదిపై నిజాంసాగరు కట్టుట 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. దాని శిల్పి నవాబు అలీ నవాజ్ జంగు. రెండు లక్షల డెబ్బదియైదువేల ఎకరములకు నీరందింపవలెనని సంకల్పము. కాలువ వచ్చెను, కాలువ వెంట చెరకు వచ్చెను, చెరకు వెంట 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను, దాని చుట్టును శక్కర్‌నగరు వెలసెను. ఒకప్పుడు ఆసియాఖండమున మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో దీనిని లెక్కించుచుండిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతు కుటుంబములు వచ్చి, కాలువ క్రింద భూములు కొని, క్యాంపులను పేర ఊళ్ళు కట్టుకొనిరి. వర్ని, కోటగిరి ప్రాంతములందు ఆ పేర్లు నేటికిని నిలిచియున్నవి. వచ్చినవారు చేతులు ఊపుకొనుచు రాలేదు. బండ్లపై, రైళ్ళలో, గుండిగలు, కవ్వములు, పందిరిమంచములు, వీశెగుండ్లు వెంట తెచ్చుకొనిరి. ఇక్కడివారి సేరుగుండ్లు ఇక్కడ ఉండనే ఉండెను. ఈ రెండును పక్కపక్కన పడియున్న పాత కొట్టు ఒకటి బోధనున మేము చూచితిమి. ఆ రెండు ఇనుపముక్కల నడుమ ఒక తరము వలస ఉన్నది. కొట్టువానికి మాత్రము రెండును కిలో లెక్కయే.

ప్రభుత్వము మారినప్పుడెల్లను పాత అంగడికి సరకు పెరుగును. ఇది మేము కొంతకాలముగా గమనించుచున్న సంగతి. 1948 సెప్టెంబరున హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరెను. నాటి వరకు ఇక్కడ చెల్లినది హాలీ సిక్కా. ఆంగ్లప్రభుత్వపు రూపాయిని కల్దారు అనుచుండిరి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. ఈ ఏడు-ఆరుల లెక్కలో కిరాణావాడు లాభపడిన కథలు, అవ్వలు నష్టపడిన కథలు పాతవారికి అనేకము తెలియును. 1950ల దశకము గడచులోపల హాలీ నాణెము చెలామణినుండి పోయెను. 1957 ఏప్రిలులో అణాలు పోయి నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరున కిలోగ్రాముల తూకము అడుగుపెట్టి, 1960ల తొలియేండ్లలో దేశమంతట సేరును తరిమివేసెను. నిన్నటిదాక అన్నమును కొలిచిన సోల, మానిక, తవ్వలు ఒక చట్టముతో దొంగ కొలతలైనవి. సేరుగుండును ఊరగాయ జాడీ మూతపై బరువుగా పెట్టిన ఇల్లాండ్రు కొందరు. పాతసామాను బుట్టలో వేసినవారు కొందరు. చార్మినారు ముద్రగల వెండి రూపాయలు కొన్ని పెండ్లికూతుళ్ళ మెడలో పేరుగా మారెను, కొన్ని కంసాలి మూసలో కరగెను, మిగిలినవి గుడ్డసంచులలో పాత కొట్లకు చేరెను. వాటిని ఏరి కొను మాకు కలిగిన సంతోషము, అవి చెల్లవని చెప్పించుకొని సంతనుండి తిరిగిపోయిన వారి విచారము, ఈ రెండును ఒకే నాణెమునకు ఇరువైపులని మాకు ఆలస్యముగా తెలిసినది.

పాశ్చాత్య దేశములందు పాత బట్టల దుకాణములు ధర్మకార్యముగా పుట్టినవి. అమెరికాలోని బోస్టను నగరమున 1902లో ఎడ్గర్ హెల్మ్స్ అను మతబోధకుడు ధనికుల ఇండ్లనుండి పాత బట్టలు సేకరించి, పేదలచేత వాటిని బాగుచేయించి, వారికి కూలి ఇచ్చి, అగ్గువకు అమ్మించెను. గుడ్‌విల్ సంస్థకు అది మొదలు. ఇంగ్లాండున ఆక్స్‌ఫామ్ సంఘము రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆక్స్‌ఫర్డు బ్రాడ్ వీధిలో దుకాణము పెట్టెను. మనకు ఈ పద్ధతి అబ్బలేదు. ఒకరు తొడిగినది మరియొకరు తొడుగుట మనకు ఎంగిలివంటిది. పైగా మన ఇండ్లలో పాతబట్ట ఊరక గడప దాటదు. బుట్ట నెత్తిన పెట్టుకొని వీధివీధిన తిరుగు స్త్రీకి నాలుగు చీరలిచ్చి, స్టీలు గిన్నె కొరకు మధ్యాహ్నమంతయు వాదించి, చివరకు ఇంకొక చొక్కా చేర్చి, మూతతో సహా సాధించుకొందురు. చినిగిన చీరలు బొంతలగును. జరీ అంచుకు వేరుగా కొనువారుందురు. ఎంగిలి యని ఇంతగా పట్టింపుగల మనవారే పుట్టిన శిశువుకు మొదట చుట్టునది పెద్దల పాత బట్టనే. మెత్తనిదను కారణము ఒకటి, బ్రతికి బట్టకట్టిన వారి బట్ట యను నమ్మకము ఒకటి.

కర్మాగారము మాటకు తిరిగి వత్తము. 2002లో దాని అధికభాగము ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2015 డిసెంబరున యంత్రములు నిలిచిపోయెను. చెరకు బండ్లు, ట్రాక్టర్లు వరుసగా నిలుచు త్రోవలు ఆ యేడు తరువాత ఉత్తవైనవి. ఆ మరుసటి వేసవిలో బోధనున ఒక పాత కాగితముల కొట్టులో మాకు రేకుపెట్టె ఒకటి కనబడెను. రైతు ఇంటినుండి వచ్చినది. లోపల చెరకు తూకపు చీటీలు దారముతో కట్టి ఏండ్ల వరుసన పేర్చి ఉన్నవి. ఏ బండి ఎంత తూగెనో, ఏ దినమున తూగెనో, అన్నియు ఉన్నవి. పెట్టె మాకు కావలెనంటిమి. కొట్టువాడు పెట్టెకు వేరు ధర, కాగితమునకు వేరు ధర అనెను. చీటీలను త్రాసులో వేసి, మూడు కిలోలకు కొంచెము తక్కువ యని చెప్పెను. టన్నులకొలది చెరకును లెక్కించిన చీటీలకు అదియే చివరి తూకము. మేము పెట్టెతోపాటు వాటిని గూడ కొంటిమి. అగ్గువకే దొరికినవి. అవి అమ్మినవారెవరో తెలియదు. వాటిని ఇన్నేండ్లు దాచిన చేయి, ఇక దాచనక్కరలేదని తలచిన నాటి సాయంకాలము ఎట్లుండెనో ఊహింపగలము గాని, ఊహ చరిత్ర కాదు.

అదే దినమున కొట్టువాడు మా అభిరుచి గ్రహించి, "సాబ్, శక్కర్‌నగర్ల ఒక పాత రేడియో ఉన్నది, చూస్తరా?" అని అడిగెను. రేడియో యనగా మేము నిలువగలమా? కర్మాగారపు క్వార్టర్లలో ఒక ఇంటి ముందు సామాను బయట పరచి ఉన్నది. టేకు మంచము, రుబ్బురోలు, పిండిగిర్ని, గోడకు తగిలించు అద్దము, దేవుని పటములు లేని ఖాళీ పీఠము. పటములను మాత్రము లోపలనే ఉంచుకొనిరి. అరువది దాటిన ఒక ఇల్లాలు అరుగుమీద కూర్చుండి ఉండెను. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. రెండు గదుల ఇల్లు. ఇవన్నియు అచట పట్టవు.

రేడియో చెక్కపెట్టె గలది, వాల్వులది. ఇట్టి సెట్టును తిప్పగానే పలుకదు. లోపలి దీపములు వేడెక్కువరకు ఓపికపట్టవలెను. ముందు అద్దపు పలకపై పట్టణముల పేర్లు ఆంగ్లాక్షరములలో ఉండును. ముల్లు వాటి నడుమ నడచును. హైదరాబాదున దక్కన్ రేడియో ఉండెడిది. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసెను. ఈ సెట్టు ఆ తరువాతి కాలమునది. ఆమె మామగారు కర్మాగారమున బోనసు వచ్చిన యేడు కొనెనట. సాయంకాలము వార్తల వేళకు నాలుగిండ్ల వారు ఈ అరుగుమీదనే కూర్చుండెడివారట.

"ఎంతకు ఇచ్చెదవమ్మా?" అంటిమి.

"ఎనిమిది నూర్లియ్యండి సార్."

"పలుకని సెట్టు కదమ్మా. వాల్వులు దొరకవు. నాలుగు వందలు."

ఇన్నేండ్ల అలవాటున ఆ మాట దానంతటదే నోట వచ్చెను. అమ్మువాడు కోపపడవలెను, మనము రెండడుగులు వెనుకకు నడువవలెను, అతడు పిలువవలెను. మధ్యన ఎక్కడనో ధర కుదురవలెను. ఆమె అట్లు చేయలేదు. "అయిదు నూర్లియ్యండి, తీస్కపోండి" అని లేచెను. ఎదుటివారు అంత త్వరగా ఒప్పుకొన్న బేరములో రుచి ఉండదు. మేము డబ్బు లెక్కపెట్టి ఇచ్చితిమి. ఆమె దానిని లెక్కపెట్టుకొనలేదు.

సెట్టును ఒక పాత దుప్పటిలో చుట్టి ఇచ్చెను. దుప్పటి తిరిగి ఇత్తుమంటిమి, వద్దనెను. మేము రిక్షాలో పెట్టించుచుండగా మరల లోపలికి పోయి, ఒక చిన్న పుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టెను. "ఇది గూడ దానిదే సార్. మా మామ పారెయ్యనియ్యలే. కొసరు అనుకోండి."

అది రేడియో లైసెన్సు పుస్తకము. ఈ తరమువారికి వింతగా తోచవచ్చును గాని, ఒకప్పుడు ఇంట రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున యేటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెను. 1980ల దశకమున ప్రభుత్వము దానిని తీసివేసెను. ఈ పుస్తకమున ఒక్క యేడును తప్పిపోలేదు. ప్రతి పుటలోను తపాలా ముద్ర నల్లగా, గుండ్రముగా ఉన్నది. కొన్ని యేండ్లు గడువునకు ఒకటి రెండు దినములు ముందుగనే చెల్లించినట్లు తేదీలు చెప్పుచున్నవి. తరువాతి పుటలు ఖాళీ. లైసెన్సు రద్దయిన పిమ్మట కూడ ముప్పది యేండ్లు ఆ పుస్తకము రేడియో వెనుకనే ఉండెను.

నిజామాబాదున ఒక వృద్ధ మెకానికు ఆ సెట్టును రెండు నెలలు తన వద్ద ఉంచుకొని, మరియొక పాడైన సెట్టునుండి వాల్వులు తీసి వేసి, పలికించెను. గరగర ఎక్కువ. రాత్రివేళ కొంత నయము. మా గదిలో బల్లపై ఉన్నది. చూచినవారెల్లరు దాని చెక్కను తడవి, పలకమీది ఊళ్ళ పేర్లు చదివి, ఎక్కడ దొరికెనని అడుగుదురు. శక్కర్‌నగరున అని చెప్పుదుము. తరువాత, "ఎంతకు?" అందురు, తామే ఒక అంకె చెప్పుదురు. వారు చెప్పునది ఎప్పుడును మేమిచ్చినదానికంటె మిక్కిలి ఎక్కువగనే ఉండును. అసలు ధర ఎంతో మేము ఇంతవరకు ఎవరికిని చెప్పి ఉండలేదు.